వాల్వు యాంప్లిఫయరు - స్వరభేదం

నిజాం కాలంలో డెక్కన్ రేడియోను హైదరాబాదు ఇండ్లలో వినిపించినవి వాల్వు సెట్లు. నేడు బంజారా హిల్స్‌లో గిటారు అభ్యసించే విద్యార్థి కోరుకునే వాల్వు యాంప్లిఫయరులోనూ సూత్రం అదియే: గ్రిడ్డుపై పడిన అల్ప సంకేతం ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని శాసిస్తుంది.

దాని స్వరాన్ని మార్చుటకు వాల్వులన్నిటినీ మార్చనక్కరలేదు. తొలిదశలోని 12ఏఎక్స్7 వాల్వు కాథోడు వద్ద ఒక నిరోధకం ఉంటుంది. సంకేతాన్ని అనుసరించి దానిపై వోల్టేజి హెచ్చుతగ్గులై, వర్ధనాన్ని తగ్గిస్తుంది. దానికి సమాంతరంగా కెపాసిటరును కలిపినచో సంకేతానికి పక్కదారి దొరికి వర్ధనం పెరుగుతుంది. ఫెండరు యాంప్లిఫయర్లలో ఇది సాధారణంగా 25 మైక్రోఫారడ్లు. అందుచే మంద్రస్వరాలు సైతం నిండుగా పలుకుతాయి. 1960ల చివరి మార్షల్ లీడ్ యాంప్లిఫయర్లలో ఒక ఛానలుకు ఇది 0.68 మాత్రమే, మంద్రం తగ్గి, పైస్వరాలు స్పష్టమవుతాయి.

కాని విద్యార్థులు ఒకటి మరువరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడ విద్యుత్సరఫరా విభాగపు కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చును, అవి ప్రాణాంతకాలు. అనుభవజ్ఞుని సమక్షంలో, తగిన నిరోధకం ద్వారా వాటిని ఖాళీచేసి, వోల్టుమీటరు సున్న చూపిన పిదపనే చేయి పెట్టవలెను. ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చి, వాయించి, విని, వ్రాసుకొనవలెను. చెవికి నచ్చనిచో పాత భాగాన్నే తిరిగి అమర్చవచ్చును.