కొలత యెరిగిన గొంతు

(పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 8:23–26, 1 దినవృత్తాంతములు 25:1–8, రోమీయులకు 12:3–8)



మన డెల్టా పొలములలో నాట్లు వేయు స్త్రీలు పాడుచుండగా మీరు వినియున్నారు. ఒకతె పాట ఎత్తుకొనును. తక్కినవారు వంచిన నడుము ఎత్తకయే అందుకొందురు. ఎత్తుకొను ఆమె తన గొంతు ఎంత పైకి పోగలదో చూచుకొనదు. ప్రక్క వరుసలోని ముసలమ్మకును, క్రొత్తగా పనికి వచ్చిన పిల్లకును అందునట్లు పాడును. అయితే ఆ స్త్రీలే ఆదివారమున గుడికి వచ్చి, పుస్తకము తెరచి, పెదవి కదపక కూర్చుండుట అనేక సంఘములలో కనబడుచున్నది. వారికి పాట రాక కాదు. పాట వారికి అందని చోట మొదలగుచున్నది. కాబట్టి ఈ నెల మన పాఠము ఇది: ఆరాధనలో పాడువాడు తన కొలతను ఎరుగుట.

1. వరమునకు కొలత కలదు

ఎవడును తన్ను గూర్చి తగినదానికంటె ఎక్కువగా తలంచుకొనరాదని రోమా సంఘమునకు వ్రాసిన పౌలు, వెంటనే ఒకే శరీరములోని వేర్వేరు అవయవములను గూర్చి చెప్పుచున్నాడు. కొలత అనునది చిన్నతనము కాదు. అది దేవుడు మనకు నియమించిన స్థలము.

దావీదు కాలమున యెహోవాకు గానము చేయుటకు నేర్పబడినవారు 288 మంది. గురువనియు శిష్యుడనియు భేదము లేక వారు వంతులకొరకు చీట్లు వేసికొనిరి. కెనన్యా పాటను నడిపించెను. ఆ విద్య అతనికి తెలిసియుండుటయే అందుకు కారణమని గ్రంథము చెప్పుచున్నది (1 దినవృత్తాంతములు 15:22). మన సంఘములలో కీర్తన ఎత్తు హక్కు కొన్నిచోట్ల తండ్రినుండి కుమారునికి, లేక చందా ఎక్కువ ఇచ్చువారికి పోవుచున్నది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. రేడియోలో పాడగోరువారు మొదట స్వరపరీక్షలో నెగ్గవలెను. గుడిలో పాడువానికి అట్టి పరీక్ష లేదు గనుక, అతడు తన్ను తానే పరీక్షించుకొనుట మరి అవసరము.

2. శ్రుతి సంఘముది

పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు మన దేశపు రాగతాళములలో కీర్తనలు కట్టి మనకు గొప్ప మేలు చేసిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో అనేక కీర్తనల పైభాగమున రాగము, తాళము అచ్చువేయబడియున్నవి. వీటిలో పల్లవి తరచుగా క్రిందనే నడచి, అనుపల్లవియందో చరణమందో స్వరము పై షడ్జమునకు, దానికిని పైకి ఎక్కును. పల్లవిని మాత్రము చూచుకొని శ్రుతి పట్టినవాడు అచ్చట చిక్కుబడును. సంఘమంతయు అతనితో చిక్కుబడును.

కావున ఆరాధనకు ముందుగా కీర్తనలోని మిక్కిలి ఎత్తైన చోటును, మిక్కిలి దిగువ చోటును మెల్లగా పాడి చూడుడి. శ్రుతి హెచ్చయిన పురుషుల గొంతులు పట్టుబడును. మరీ తగ్గిన స్త్రీలకును పిల్లలకును అందదు. హార్మోనియము మీద ఒకటిన్నరయో రెండో మీకు సుఖముగా ఉండవచ్చును. సంఘమునకు ఏది సుఖమో అదియే ఆ దినపు శ్రుతి. కీబోర్డు మీద ఒక మీట నొక్కిన శ్రుతి మారును గాని మనుష్యుని కంఠమునకు అట్టి మీట లేదు.

మన ప్రాంతము పద్యనాటకములకు పేరుపొందినది. మైకులు లేని దినములలో నటులు వెనుక వరుసకు వినబడవలెనని హెచ్చు శ్రుతిలో రాగము తీసిరి. జనులు వన్స్ మోర్ అని కేకలు వేసిరి. అది రంగస్థలమునకు తగును. అచ్చట జనులు వినుటకు వత్తురు, ఇచ్చట పాడుటకు వత్తురు.

3. శివారు చేనికి నీరు

బెజవాడ యొద్ద ఆనకట్ట 1855లో పూర్తియాయెను; దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. నీరు ఎంత ఉన్నను, కాలువ తలయొద్ద రైతు తన తూము మితిమీరి తెరచినయెడల శివారు భూములు ఎండును. పాట నడిపించువాడు కాలువ తలయొద్ద నిలిచినవాడు. అతడు ప్రతి పంక్తికి సంగతులు వేసి, మైకు నోటికి ఆనించుకొని, తాళమును తన ఇష్టముచొప్పున సాగదీసిన, వెనుక చాపమీద కూర్చున్నవారికి మిగులునది వినుటయే. సంగతులు వచ్చినవాడు వాటిని ఇంటియొద్ద సాధనలో పాడుకొనవచ్చును. సంఘములో అందరును అందుకొన్న పిమ్మట తన స్వరము తగ్గించి, వారి స్వరము వినుట అతనికి మేలు. సమస్తమును క్షేమాభివృద్ధి కొరకే జరుగవలెనని అపొస్తలుడు కొరింథీయులకు బోధించెను (14:26).

4. కంఠమునకును వయస్సు కలదు

లేవీయులు ఏబది యేండ్లకు బరువు పని మానవలెను. అయినను గుడారమునొద్ద తమ సహోదరులకు తోడుగా నిలువవలెను. ఎంత దయగల ఏర్పాటు! వణకు స్వరముతో కీర్తన ఎత్తు పెద్దలారా, మీరు మౌనులు కానక్కరలేదు. రాగము తెలిసిన మీరు ఒక యౌవనుని ప్రక్కన నిలిపి నేర్పినయెడల, మీ పాట మీ తరువాతను నిలుచును. ఆ స్థలమును విడువనొల్లక పట్టుకొనినయెడల, మీకు మాత్రమే తెలిసిన రాగములు మీతోనే పోవును.

మీసములు వచ్చు వయస్సున మగపిల్లల గొంతు మారును. అప్పుడు వారిని పై స్వరములకు బలవంతపెట్టరాదు, నవ్వరాదు. నవ్వులపాలైన బాలుడు మరల నోరు తెరువకపోవచ్చును. ఎవరికైనను బొంగురు మూడు వారములు దాటి నిలిచినయెడల, మిరియాల కషాయముతో సరిపెట్టక వైద్యునికి చూపించుకొనుడి.

5. పాడలేననువారికి

కొలత యెరుగుట అనగా నోరు మూసికొనుట కాదు. ముందు నిలిచి నడిపించు వరము కొందరిది. స్తుతించు ఆజ్ఞ అందరిది. శ్రుతి కుదరనివాడు ప్రక్కవాని స్వరము వినుచు మెల్లగా పాడవలెను. వినుటయే సగము సాధన.

ఆలోచించుటకు: మన సంఘములో గడచిన ఆదివారము ఎందరు పాడిరి, ఎందరు వినిరి? కీర్తన ఎత్తుటకు ఎవరిని నేర్పుచున్నాము? వెనుక వరుసవారికి అందు శ్రుతి ఏది?

వచ్చు ఆదివారము నడిపించువారు మొదటి చరణము తరువాత ఒక్క క్షణము తమ స్వరము ఆపి వినవలెను. సంఘము పాడుచున్నయెడల వారి పని నెరవేరినది. కంఠములను కలుగజేసిన ప్రభువు మన కొలతను మనకు తెలియజేయును గాక. ఆమేన్.