బ్రేకు పెడలు స్విచ్చి – దోషము నెఱుగు విధము

తుంగభద్ర యెడమగట్టు కాలువ క్రింద వరికోతలు ముగిసిన దినములలో సింధనూరు నుండి మాన్వి మీదుగా రాయచూరు పోవు మార్గమున ధాన్యపు లారీలు, ట్రాక్టర్లు, కార్లు రాత్రివేళ సైతము ఒకదాని వెనుక నొకటి సాగుచుండును. ముందు బండి యాగుచున్నదని వెనుకవానికి దెలుపునవి ఎఱ్ఱని బ్రేకు దీపములే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు బండి సెకనునకు సుమారు 17 మీటర్లు సాగును. దీపము వెలుగక, వెనుకవాడు ఒక్క సెకను ఆలస్యముగా గ్రహించినచో, ఆ 17 మీటర్లే ప్రాణాపాయమునకు జాలును. ఈ దీపములను వెలిగించు చిన్న స్విచ్చి చెడినపుడు దోషమును గనుగొను విధమును ఇచ్చట వివరింతుము.

స్విచ్చి పనిచేయు విధము

ఈ స్విచ్చి పెడలు కాడకు పైభాగమున బిగింపబడి యుండును. కాలు మోపనపుడు పెడలు కాడ స్విచ్చిలోని చిన్న కడ్డీని నొక్కి యుంచును. అప్పుడు దీపములకు విద్యుత్తు పోదు. కాలు మోపగానే కాడ తొలగును, కడ్డీ వెలుపలికి వచ్చును, దీపములు వెలుగును. నేటి కార్లలో పెక్కింట నిందు రెండు వలయములు గలవు. ఇంజనును నడపు కంప్యూటరు ఆ రెండింటిని సరిపోల్చుచుండును. అవి పొసగనిచో హెచ్చరిక దీపమును వెలిగించి, పి 0504 అను సంకేతమును జ్ఞాపకమున నుంచును. ఒక వలయమే చెడినచో పి 0571 కనబడవచ్చును. సంకేతము దోషమున్న వలయమును జూపునే గాని, చెడిన వస్తువును జూపదు. ఈ భేదమును మఱచుటయే పెక్కు వ్యర్థ వ్యయములకు మూలము.

ఒక దృష్టాంతము

మా యెఱుకలోని యొక కారు ప్రతి ఉదయమును కదలక మొరాయించెను. బ్యాటరీని మార్చిరి, ఫలము లేదు. సంకేతమును జూచి స్విచ్చిని మార్చిరి. అప్పటికిని ఫలము లేదు. రాత్రి వెనుకకు బోయి చూడగా, కాలు మోపకయే బ్రేకు దీపములు వెలుగుచుండెను. 21 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల వద్ద 3.5 ఆంపియర్లు త్రాగును. 45 ఆంపియర్ గంటల బ్యాటరీ యైనను సుమారు 13 గంటలలో నిండుకొనును. తుదకు కాలిపట్టా మీద నలిగిన ప్లాస్టికు ముక్కలు కనబడెను. స్విచ్చి కడ్డీకి ఎదురుగా పెడలు కాడ రంధ్రమున నుండవలసిన చిన్న బిళ్ళ పాతబడి పొడియయ్యెను. కడ్డీ ఆ రంధ్రమున దూరుటచే స్విచ్చి నొక్కబడుట లేదు. స్వల్ప మూల్యముగల బిళ్ళతో దోషము తీఱెను.

పరీక్షాక్రమము

బండిని సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, ఒకనిని వెనుక నిలిపి, పెడలు నొక్కి చూడవలెను. ఒక దీపమే వెలుగనిచో బల్బును, దాని హోల్డరును చూడవలెను. ఏ దీపమును వెలుగనిచో మొదట ఫ్యూజును, పిదప స్విచ్చిని పరీక్షింపవలెను. ఎల్లప్పుడును వెలుగుచున్నచో పై చెప్పిన బిళ్ళను, స్విచ్చి బిగింపును చూడవలెను. అటుపై ఇంజను ఆపి, స్విచ్చి ప్లగ్గును విడదీసి, మల్టీమీటరుతో కడ్డీని నొక్కియు వదలియు రెండు వలయములను పరీక్షింపవలెను. స్విచ్చి సరిగా నున్నచో వైర్లను, ప్లగ్గు మొనలను పరిశీలింపవలెను. కొన్ని కార్లలో స్విచ్చికి బదులు అయస్కాంతముతో బనిచేయు సెన్సారు గలదు. దానికి ఆ కారు పుస్తకములోని విధానమే శరణ్యము. దోషము తీఱిన పిదప స్కానరుతో సంకేతమును తుడిచి, మరల నడిపి చూడవలెను.

కాలిన ఫ్యూజునకు బదులు రాగితీగ చుట్టరాదు. వైర్లు కాలి అగ్నిప్రమాదము గలుగవచ్చును. పెడలు మెత్తబడినను, లోనికి దిగినను అది స్విచ్చి దోషము గాదు. బ్రేకు నూనెకు సంబంధించినది. అట్టి బండిని నడుపక మెకానిక్కును పిలిపింపవలెను.

విద్యార్థులారా! మీ యింటి బండి వెనుక దీపములను ఈ సాయంకాలమే యొకసారి చూడుడు. నడుపువానికి దన వెనుక దీపము కనబడదు. కావున నది చూచువారు వేఱొకరు కావలెను.