తలా పిడికెడు వేస్తే నిధి

 

సహాయ నిధి అనే మాట ఎత్తగానే మనలో చాలామంది "మన దగ్గర యాడుంది డబ్బు?" అంటారు. నిజమే, మనం డబ్బున్నవాళ్ళం కాము. కానీ నిధికి ముందు కావలసింది డబ్బున్న ఒక మనిషి కాదు. కొంచెం కొంచెం ఇచ్చే చాలామంది మనుషులు, అందరికీ చేతనయ్యే ఒక పద్ధతి. ఈ వారం పాఠం అదే.

మనకు నిధి ఎందుకు?

హాలహర్వి, ఆలూరు, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో సుగ్గి అంటే తెలియని పిల్లోడు ఉండడు. వాన మోసం చేసిన ఏడాది అమ్మానాన్నలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు పోతారు. మిరపకాయలు కోస్తారు, పత్తి తీస్తారు. ఇంట్లో అవ్వాతాతలే మిగులుతారు. పోయిన ఏడాది మన వరుసలో పడుకునే ఒక మిత్రుడు సంక్రాంతికి ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. చేతిలో బస్సు చార్జీ లేదు, తెచ్చి దింపే మనిషి లేడు. వాళ్ళతోపాటే సుగ్గికి పోయాడు. లెక్కల్లో మన అందరికంటే ముందుండేవాడు. ఒక టికెట్టు డబ్బుల దగ్గర చదువు ఆగిపోవడం నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇతరులు ఎట్లా చేశారు?

1. పిడికెడు బియ్యం: మిజోరం కూడా కొండజాతుల రాష్ట్రమే. అక్కడ 1910 ప్రాంతం నుంచి ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన వేస్తారు. దాన్ని వాళ్ళ భాషలో 'బుహ్‌ఫాయ్ థామ్' అంటారు. ఆ బియ్యాన్ని పోగుచేసి అమ్మి, వచ్చిన డబ్బు చర్చి పనులకు వాడతారు. ఇప్పుడది ఏటా కోట్ల రూపాయలు అవుతోంది. పిడికెడు తగ్గినందుకు ఏ ఇల్లూ పస్తు పడుకోలేదు.

2. చిన్న నాణెం: అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి. 1938లో ఆ జబ్బు మీద పోరాటానికి తలా ఒక డైము, అంటే 10 సెంట్ల నాణెం, పంపమని రేడియోలో అడిగారు. 26 లక్షలకు పైగా నాణేలు ఆయన భవనానికి వచ్చిపడ్డాయి. ఏటేటా అట్లా కూడిన డబ్బుతోనే పరిశోధన సాగింది. 1955లో డాక్టర్ సాల్క్ తయారుచేసిన టీకా పనిచేస్తుందని తేలింది. లక్షలు ఇవ్వమని అడిగి ఉంటే పేదవాడు ఉత్తరమే రాసేవాడు కాదు.

3. సంతకం, వేలం: గాంధీగారు 1933 నవంబరు నుంచి 1934 జులై వరకు హరిజన నిధి కోసం దేశమంతా తిరిగారు. సంతకం అడిగితే 5 రూపాయలు తీసుకునేవారు. తనకు వచ్చిన కానుకలను అక్కడికక్కడే వేలం వేసేవారు. ఆ యాత్రలో సుమారు 8 లక్షల రూపాయలు వచ్చాయి. వేలం మనకు కొత్త కాదు. హైదరాబాదు పక్కన బాలాపూర్ వినాయకుడి లడ్డూను 1994లో 450 రూపాయలకు పాడారు. 2024లో అదే పాట 30 లక్షలు దాటింది. ఆ డబ్బును ఊరి అభివృద్ధికి వాడుతున్నారు.

4. ఆట, పాట: 1952లో మన రాయలసీమ కరువుతో అల్లాడినప్పుడు ఎన్.టి. రామారావు గారు తోటి నటులతో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చి విరాళాలు పోగుచేశారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆయన, అక్కినేని నాగేశ్వరరావు గారు మళ్ళీ వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు.

ఈ నలుగురి పద్ధతుల్లో ఒకటే కిటుకు ఉంది. ఇచ్చేవాడికి బరువు అనిపించనంత చిన్నది అడిగారు, లేకపోతే తమ చేతనైనది ఏదో ఇచ్చి తీసుకున్నారు.

మనం చేయకూడనిది

మిజోరం సంగతి చదవగానే "మన వంటగదిలో కూడా పిడికెడు తీద్దాం" అనిపిస్తుంది. అది కుదరదు. ఆ బియ్యం మనవి కావు, మన కడుపుల కోసం ప్రభుత్వం ఇచ్చినవి. పాఠ్యపుస్తకాలూ అంతే. అవి తూకానికి వేయకూడదు, తమ్ముళ్ళకు అప్పగించాలి. దానం చేసేది మొదట మనదై ఉండాలి.

మరి మనది ఏముంది?

వేపగింజలు: బడి తెరిచిన తర్వాత జూన్, జులై నెలల్లో చెట్ల కింద వేపపండ్లు రాలి ఉంటాయి. గుజ్జు కడిగి, గింజలను నీడలో ఎండబెట్టాలి. తడి ఉంటే బూజు పడుతుంది, ధర పడిపోతుంది. నూనెకు, పిండికి, పురుగుమందుకు వ్యాపారులు వీటిని కొంటారు. 40 మంది తలా అరకిలో తెస్తే 20 కిలోలు. ధర మాత్రం రెండు మూడు చోట్ల విచారించి అమ్మాలి.

పాత నోటుబుక్కులు: ఏడాది చివర రాసిన కాగితాలను తూకానికి వేయవచ్చు. అంతకు ముందే రాయని కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి అట్ట వేస్తే కొత్త నోటుబుక్కు. అది కొననక్కర లేకుండా ఒకరికి సాయం. డబ్బు మిగల్చడం కూడా సంపాదనే.

గంపల వేలం: మనలో కొందరికి ఇంట్లో నేర్చిన ఈత బరిగెల అల్లకం వచ్చు. ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక రెండు బుట్టలు వేలం వేద్దాం. ఆ రోజే మన తాండా పాటలు, ఒక చిన్న నాటిక. చూసినవారు తోచింది డబ్బాలో వేస్తారు.

నిధి నిలవాలంటే

డబ్బు తేవడం కంటే నమ్మకం నిలపడం కష్టం. అందుకే ఈ నియమాలు రాస్తున్నాను:

1. వార్డెన్ గారి అనుమతి లేకుండా ఊళ్ళో ఎవరినీ అడగరాదు.
2. డబ్బాకు తాళం వేయాలి. తాళంచెవి వార్డెన్ గారి దగ్గర ఉండాలి. లెక్కించేటప్పుడు ఇద్దరు విద్యార్థులు తప్పక ఉండాలి.
3. నెలకొకసారి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అనేది ఈ గోడపత్రికలోనే రాయాలి.
4. తీసుకున్నవారి పేరు మాత్రం గోడ మీద రాయరాదు. "ఒక బస్సు చార్జీ" అని రాస్తే చాలు. సాయం పొందినవాడు తల దించుకుని తిరిగే పరిస్థితి రాకూడదు.
5. ఇవ్వలేనివాడిని ఎగతాళి చేయరాదు. గింజలు ఏరినవాడూ, డబ్బా మోసినవాడూ దాతే.

1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి అన్నం పెట్టారు. అంత పెద్ద చెయ్యి అందరికీ ఉండదు. మనవి చిన్న చేతులే, కానీ చాలా చేతులున్నాయి.

వచ్చే సంక్రాంతి సెలవులు అయిపోయిన రోజు హాజరు పిలిచినప్పుడు ఏ పేరు దగ్గరా మౌనం ఉండకూడదని నా కోరిక. ఒప్పుకున్నవాళ్ళు ఈ కాగితం కింద ఉన్న ఖాళీలో మీరు చేయగల పని రాయండి. పెన్సిల్ దారంతో కట్టి ఉంది.