బయోడేటాలో దొర్లు తప్పులు

మన ఏ.ఎస్. రావు నగర్ ఉద్యోగుల కాలనీగా వెలసినది. 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ఆద్యులైన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారి పేరు దీనికి పెట్టబడినది. కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామిక వాడలు చేరువలోనే కలవు. అయినను అర్హతగల మన విద్యార్థులు కొందరికి ఇంటర్వ్యూ పిలుపే అందుట లేదు. లోపము పెక్కుసార్లు బయోడేటాలోనే ఉన్నదని మేము తలచుచున్నాము.

మొదటిది పేరు. పదవ తరగతి సర్టిఫికెట్టులో ‘మహమ్మద్’ అని ఉన్నది డిగ్రీలో ‘ఎం.డి.’ అగును, ఆధార్ కార్డులో మరొక రూపము దాల్చును. ఉర్దూ పేర్లను ఆంగ్లలిపిలో పలు రీతుల వ్రాయుటవలన కలిగిన చిక్కు ఇది. పరిశీలించు అధికారికి ముగ్గురు వ్యక్తులు కనిపింతురు. పదవ తరగతిలోని పేరునే అంతటా వ్రాయవలెను. తేడాలున్నచో ముందుగానే దిద్దించుకొనవలెను.

రెండవది, ఒకే కాగితమును అన్ని సంస్థలకు పంపుట. ప్రకటనలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కావలెనన్నచో, ఆ ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు, అప్రెంటిస్ శిక్షణ మొదటనే కనబడవలెను. మూడవ పేజీలో దాగిన అర్హత లేనట్లే లెక్క.

మూడవది, ‘కష్టపడి పనిచేయుదును’ వంటి వట్టి మాటలు. ఏ యంత్రముపై, ఎన్ని నెలలు, ఏ పని చేసితిరో వ్రాయుడు.

నాల్గవది, ఉన్న విద్యను దాచుట. 2017లో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటికిని రెండవ అధికార భాష అయినది. ఉర్దూ, తెలుగు రెండును చదివి వ్రాయగలుగుట మన కళాశాల విద్యార్థులకు గల ప్రత్యేకార్హత. దానిని తప్పక పేర్కొనవలెను. లేని విద్యను చేర్చుట మాత్రము చేటు. అది ఒక్క ప్రశ్నతో బయటపడును.

విద్యార్థి మిత్రులారా! పంపుటకు ముందు ఫోను నంబరు సరిచూచుకొని, అధ్యాపకులచే ఒకసారి చదివించుడు.