బూజు విషాన్ని కొలిచే కొలువు

కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను సన్నని సెగకు ఆరబెట్టి, తేమ పోయాకే బొమ్మ చెక్కుతారు. అలాంటి తేమే కళ్లంలో మొక్కజొన్నలోనో వేరుశనగలోనో మిరపకాయలోనో మిగిలిపోతే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరి, అఫ్లాటాక్సిన్ బీ1 అనే విషాన్ని తయారుచేస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. దాన్ని పరిశోధించింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. బాలింత తిన్న బీ1లో కొంత కాలేయంలో ఎం1గా మారి చనుబాలలోకి చేరుతుంది. తల్లిపాలలో దాన్ని పరీక్షించడం మరీ ఇరుకైన రంగమని కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ విద్యార్థులు అనుకుంటారు. నిజానికి ఆహార పరీక్షల రంగంలో ఎటైనా వెళ్లగలిగే నైపుణ్యం ఇక్కడే వంటబడుతుంది.

కారణం, కొలవాల్సిన పరిమాణం. పాలలో ఎం1కు మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, యూరప్ హద్దు 0.05. అంటే పది లక్షల టన్నుల పాలలో 50 గ్రాములు! పైగా తల్లి ఇచ్చేది కొద్ది మిల్లీలీటర్లే, పరీక్ష పాడైతే మళ్లీ అడగలేం. సెంట్రిఫ్యూజ్‌తో కొవ్వు తీసి, ఇమ్యునోఅఫినిటీ కాలమ్‌లో విషాన్ని పట్టి, హెచ్‌పీఎల్‌సీలో కొలవాలి. తెలిసిన మోతాదు కలిపి ఎంత తిరిగి దొరికిందో, అంటే రికవరీ ఎంతో, లెక్క చూపాలి. ఈ క్రమశిక్షణ అలవడితే విజయవాడ చుట్టుపక్కల డెయిరీ ల్యాబ్‌లోనైనా, గుంటూరు మిర్చి ఎగుమతుల పరీక్షల్లోనైనా పనికొస్తుంది. మిర్చిలో బీ1కు యూరప్ హద్దు కిలోకు 5 మైక్రోగ్రాములు. అయితే అక్కడి చిక్కు వేరు: విషం కొద్ది కాయల్లోనే పోగుపడుతుంది కనుక నమూనా తీయడమే ఒక విద్య.

ఎలైసా కిట్ ఉండగా ఇంత చదువెందుకని అడగవచ్చు. కిట్ వడపోతకు బాగా పనికొస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చు ఎలైసా పద్ధతిని రూపొందించింది కూడా. కానీ విషం లేకపోయినా ఎలైసా కొన్నిసార్లు ఉన్నట్టు చూపుతుంది కాబట్టి ఫలితాన్ని మరో పద్ధతిలో నిర్ధారించాలి. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి: ఇలాంటి పరీక్షలతో తల్లులు బెదిరి పాలివ్వడం మానేస్తే? ఆ భయం సహేతుకమే. అందుకే ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లి సమ్మతి లేకుండా నమూనా తీసుకోకూడదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే పట్టాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా చెక్కుచెదరలేదు. ఫలితంలో ఎం1 కనిపిస్తే సరిదిద్దాల్సింది ఇంట్లో గింజల నిల్వను. మిల్క్ బ్యాంకుల్లో 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేస్తే క్రిములు చస్తాయి గానీ ఈ విషం పోదు. కాబట్టి జాగ్రత్త కళ్లంలోనే మొదలవ్వాలి, అది ఫలిస్తోందో లేదో ల్యాబ్ చెప్పాలి.

దారి విషయానికొస్తే, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీల్లో ఏదో ఒక పీజీ మంచి పునాది. ఆపైన ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లో అనుభవం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫుడ్ అనలిస్ట్ పరీక్ష. అర్హతలు ఏ ఏటికాయేడు నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి. ఇంటర్న్‌షిప్‌కు ల్యాబ్ వెతికేటప్పుడు మాత్రం యంత్రాల ధర విని మురిసిపోకండి. రికవరీ లెక్కలు మీ చేత వేయిస్తారా, తప్పొచ్చిన రోజు కారణం మీ చేతే వెతికిస్తారా అని అడగండి. అవుననే చోట చేరండి.