రాక్ నైట్‌కి వెళ్లొచ్చేవారికి పది చిట్కాలు

తీర్థంలో సౌండు బాక్సుల పక్కన నిలబడి రికార్డింగ్ డ్యాన్సు చూసిన గోదావరి జిల్లాల వాళ్లకి చప్పుడు కొత్తేం కాదు. అయినా క్లబ్బులో గిటార్లూ డ్రమ్ములూ మోగే రాక్ నైట్ చూడాలని సరదా పుడితే, మనవైపు పిల్లలు చాలామంది ఎక్కేది హైదరాబాద్ రైలే. అక్కడ వాల్యూమ్ మన చేతిలో ఉండదు. ఎక్కడ నిలబడాలి, ఎంతసేపు ఉండాలి, ఎలా తిరిగి రావాలి అన్నవి మాత్రం మన చేతిలోనే ఉంటాయి. వాటిలో సగం ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.

1. ముందు రైలు చూసుకోండి. శనివారం రాత్రి ప్రోగ్రాం అయితే శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కండి. కాకినాడ పోర్టులో బయల్దేరే ఆ బండి రాజమండ్రి, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా లింగంపల్లి దాకా వెళ్తుంది. క్లబ్బు గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఉంటే సికింద్రాబాద్‌లో దిగే పని లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచి దొరుకుతుంది. తిరుగు టికెట్టు ఆదివారం రాత్రికి తీసుకుంటే మధ్యలో ఓ పగలు నిద్రకి మిగులుతుంది.

2. గుమ్మం దగ్గర తడుముకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మద్యానికి చట్టం ఒప్పుకునే వయసు 21. పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు జేబులో పెట్టుకోండి. కవర్ ఛార్జి కట్టేముందే అది బిల్లులో తగ్గుతుందో లేదో అడిగేయండి. బిల్లులో సర్వీస్ ఛార్జి కనిపిస్తే తీసేయమని అడగొచ్చు. దాన్ని తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది.

3. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. గంటా రెండు గంటల ముందు పప్పన్నం, పెరుగన్నం తిని బయల్దేరండి. కడుపులో తిండి ఉంటే మందు ఒంటికి ఎక్కడం నెమ్మదిస్తుంది. తాగని వాళ్లకైనా మూడు గంటలు నిలబడి గెంతే ఓపిక కావాలి కదా! ఆవకాయ ముద్ద మర్నాటికి దాచుకోండి. జనంలో చెమటలు కక్కుతూ గుండెల్లో మంట పడటం సుఖం కాదు. మధ్యమధ్యలో మంచినీళ్లు తాగుతూ ఉండండి.

4. కాళ్లు మూసే బూట్లు వేసుకోండి. చెప్పులేసుకుని వేదిక ముందుకెళితే గోళ్లు చితకడం ఖాయం. పొడవాటి చున్నీ, వేలాడే జుంకాలు ఆ గుంపులో చిక్కుకుంటాయి. విడిది ఇచ్చే స్నేహితుడి ఇంటికి ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్తుంటే గట్టి డబ్బాలో సర్దండి. సంచిలో వేస్తే హైదరాబాద్ చేరేది పొడే.

5. చెవుల్లో దూది పెట్టుకుని నిశ్చింతగా ఉండొద్దు. అది ఆపే శబ్దం చాలా తక్కువ. మందుల షాపుల్లో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. ఇంటి దగ్గరే రెండుసార్లు పెట్టి చూసుకుంటే ఆ చీకట్లో కంగారు ఉండదు.

6. ఈ లెక్క గుర్తుంచుకోండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ మోతని రోజుకి 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే! రాక్ క్లబ్బులో 100 పెద్ద విషయం కాదు. స్పీకరుకి ఎదురుగా కాకుండా వెనక వరసల్లో నిలబడండి. గంటకోసారి బయటికొచ్చి పది నిమిషాలు చెవులకి విశ్రాంతి ఇవ్వండి.

7. మీ గ్లాసు మీ చేతిలోనే ఉండాలి. పక్కన పెట్టి వెళ్లాల్సి వస్తే తిరిగొచ్చి అది తాగకండి. తాగిన వాళ్లెవరూ బండి తాళం ముట్టుకోకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అర్ధరాత్రి దాటాక మెట్రో ఉండదు. క్యాబ్ ఎక్కగానే ఇంటికి లొకేషన్ పంపండి. ఆపదొస్తే 112కి ఫోన్ చేయండి.

8. చెవిలో వెల్లుల్లి నూనె పోయకండి. ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గుయ్‌మని మోగుతుంటే లోపల సున్నితమైన కణాలు అలిసిపోయాయని అర్థం. వాటికి కావాల్సింది నిశ్శబ్దం. తిరుగు రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి. మోత రోజు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే రోజు కూడా ఆగకండి.

9. చెమట బట్టల్ని పాలిథిన్ కవర్లో కుక్కొద్దు. మన డెల్టా ఉక్కకి ఇల్లు చేరేలోపే ముక్క వాసన పట్టేస్తాయి. ముందు గాలికి ఆరేస్తే సిగరెట్ కంపు కూడా చాలావరకు పోతుంది. నల్ల టీషర్టుని తిరగేసి చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేస్తే రంగు నిలుస్తుంది. బీరు ఒలికితే వెంటనే చన్నీళ్లు కొట్టండి. గుమ్మం దగ్గర మణికట్టు మీద వేసిన ముద్రకి కొబ్బరినూనె రాసి, కాసేపాగి సబ్బుతో కడగండి.

10. ఇంట్లో పెద్దవాళ్లకీ రుచి చూపించండి. "ఆ గోలేంట్రా?" అని నాన్నమ్మ అడిగితే వివరించబోకండి. త్యాగరాజ కృతుల్ని గిటార్లు, డ్రమ్ములతో వాయించే బెంగళూరు బ్యాండు ‘అగం’ పాట ఒకటి పెట్టండి. మాట తెలుగే, రాగం ఎప్పుడూ వినేదే కాబట్టి కూర్చుని వింటారు. రిమోట్ మాత్రం ఆవిడ చేతికే ఇవ్వండి. క్లబ్బులో మీకు దొరకని వాల్యూమ్ మీట అదే మరి!