తూటాల వానలో సందు ఎక్కడ?

సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలకు సెలవు రోజు షికారు అంటే చాలాసార్లు డుమస్ తీరమే. తపతి నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న నల్ల ఇసుక తీరమిది. నది అవతల హజీరా రేవు ఉంది. అక్కడికి వచ్చే ఓడల నావికులు ఒక నియమం పాటిస్తారు. ఎదుటి ఓడ కనిపించే దిక్కు మారకుండా దూరం మాత్రం తగ్గుతూ వస్తుంటే, రెండూ ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే లెక్క. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నిబంధనల్లో ఈ మాట ఉంది. తీరంలో కూర్చుని ఫోన్‌లో బులెట్ హెల్ ఆట ఆడే కుర్రవాడికి కూడా ఇదే నియమం పనికొస్తుంది.

బులెట్ హెల్ అంటే తెర నిండా తూటాలు కురిసే షూటింగ్ ఆట. జపాన్‌లో దీన్ని ‘దన్మకు’, అంటే తూటాల తెర అంటారు. 1993లో టోఆప్లాన్ సంస్థ తెచ్చిన బత్సుగన్, 1995లో కేవ్ సంస్థ తెచ్చిన డాన్‌పాచి ఈ తరహాకు తొలి రూపాలు. దశ చివర్లో వచ్చే పెద్ద శత్రువు, అంటే బాస్, ఒక్కసారే వందల తూటాలు వదులుతుంది. చూసేవాళ్లు ఆటగాడి చేతివేగానికి ఆశ్చర్యపోతారు. అసలు పని జరిగేది చేతిలో కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి సుమారు పావు సెకను పడుతుంది. ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడిస్తే అది 15 ఫ్రేములు. తూటా ఫ్రేముకు 4 పిక్సెళ్లు కదులుతుంది అనుకుంటే, ఈలోపు 60 పిక్సెళ్లు దాటేస్తుంది. అంతకంటే దగ్గరికి వచ్చిన తూటాను చూసి తప్పుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే చూపును సొంత విమానం మీద కాకుండా దానికి కొంచెం పైన నిలపాలి. విమానాన్ని కంటి అంచు చూపుకు వదిలేయవచ్చు. కదలికను పసిగట్టడంలో అది బాగా పనిచేస్తుంది. అన్ని తూటాలనూ వెంబడించాలనుకోవడం కూడా వృథా. పిలిషిన్, స్టార్మ్ 1988లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం మనిషి ఒకేసారి వెంబడించగల కదిలే వస్తువులు నాలుగైదే. కాబట్టి వెతకాల్సింది తూటాలను కాదు, వాటి మధ్య ఖాళీని.

తప్పించుకోవాల్సిన పరిధి కూడా కనిపించేంత పెద్దది కాదు. బొమ్మ ఎంత పెద్దదైనా, తగిలితే ప్రాణం పోయే భాగం, అంటే హిట్‌బాక్స్, చాలా ఆటల్లో విమానం మధ్యలో కొన్ని పిక్సెళ్లే. రెక్కల మీదుగా తూటా పోయినా ఏమీ కాదు. కొత్తవాళ్లు దీన్ని నమ్మడానికి చాలా ఆటలే పడతాయి!

ఇక తూటాలు ఏ సూత్రం మీద వస్తున్నాయో గుర్తుపట్టాలి. కొన్ని నేరుగా ఆటగాడి మీదికి గురిపెట్టినవి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి, గురి కుదిరేది వదిలిన క్షణంలో ఆటగాడు ఉన్న చోటికే. అందుకే పెద్దగా పరుగెత్తనక్కర్లేదు. ఒకే వైపు కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటే తూటాలన్నీ వెనక వరుసలో పోతాయి. కంగారుపడి అటూ ఇటూ పరుగెత్తితే అవి తెరంతా చెదిరి దారి మూసుకుపోతుంది. అంచుకు చేరాక ఒక్క క్షణం ఆగి, తూటాలు అక్కడ గుంపు కట్టాక, చటుక్కున వెనక్కి దాటాలి.

విసనకర్రలా విచ్చుకునే గురి తూటాల్లో ఒక తమాషా ఉంది. అవి 3, 5 లాంటి బేసి సంఖ్యలో వస్తే మధ్యది సరిగ్గా మన మీదికే వస్తుంది, కాబట్టి జరగాలి. 4, 6 లాంటి సరి సంఖ్యలో వస్తే మన దిశ రెండింటి మధ్య ఖాళీలో పడుతుంది. అప్పుడు కదలకుండా ఉండటమే మేలు. నావికుల నియమం ఇక్కడే పనిచేస్తుంది. కదలని విమానం నుంచి చూస్తే ఆ తూటాల దిక్కు పక్కకు మారుతూ పోతుంది. మనం పక్కకు జరిగితే సాపేక్ష వేగం మారి, తగలకుండా పోవాల్సిన తూటా తగిలే దారిలోకి వస్తుంది. చాలామంది చనిపోయేది తమ కదలిక వల్లే.

గుండ్రంగా విచ్చుకునే తూటాలకు మరో లెక్క. బాస్ చుట్టూ 36 తూటాలు వదిలితే, 100 పిక్సెళ్ల దూరంలో పక్కపక్క తూటాల మధ్య ఎడం సుమారు 17 పిక్సెళ్లు. 300 దూరంలో 52. వెనక్కి తగ్గినకొద్దీ సందు పెరుగుతుంది, ఆలోచించే సమయమూ పెరుగుతుంది. అలాగని తెర అడుగుకు అతుక్కుపోతే ఇంకా వెనక్కి తగ్గడానికి చోటుండదు. అడుగు అంచుకు కొంచెం పైన నిలబడటం మంచిది.

వీటిలో దేనికీ లొంగని దాడులకు బాంబు ఉంటుంది. తౌహౌ వరుస ఆటల్లో తూటా తగిలిన తర్వాత కూడా కొన్ని ఫ్రేములలోపు బాంబు నొక్కితే ప్రాణం దక్కుతుంది. చాలావాటిలో ఆ గడువు పదిహేను ఫ్రేములకు మించదు. అంటే తగిలిందని చూశాక నొక్కుదామనుకునేవాళ్లకు అది దాదాపు అందదు. దారి మూసుకుపోతోందని ముందే గ్రహించి, వేలు మీట మీద సిద్ధంగా పెట్టుకున్నవాళ్లకే దొరుకుతుంది.